పిల్లలు నింపిన 'ఏం తిన్నాం' ఫారం నిజమో కాదో తేల్చేదెలా?

మహేంద్రతనయ_22
మాది పర్లాకిమిడి. న్యూట్రిషన్ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో పీకల్లోతు ఉన్నాను. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలకి, ఇళ్ల నుంచి వచ్చేవాళ్లకీ హాస్టల్ వాళ్లకీ కలిపి, ఫుడ్ ఫ్రీక్వెన్సీ ప్రశ్నావళి ఇచ్చాను. "పోయిన నెలలో గుడ్డు ఎన్నిసార్లు తిన్నావు? రోజూనా, వారానికి రెండు మూడు సార్లా, నెలకోసారా, అసలు లేదా" అని టిక్కు పెట్టే ఫారం అన్నమాట. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి అదే పిల్లల్ని కూర్చోబెట్టి, నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఏం తిన్నారో అడిగే 24 గంటల రీకాల్ కూడా తీసుకున్నాను.

కోరిలేషన్ బాగానే వచ్చింది. మా గైడ్ "ఇంకేం, వ్యాలిడేట్ అయిపోయింది, అంటే ఫారం సరైనదని తేలిపోయింది, రాసెయ్" అంటున్నారు. కానీ ఒక్కో పిల్ల కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గుండె గుభేలుమంటోంది. ఫారం చెప్పే కేలరీలకీ రీకాల్ చెప్పే కేలరీలకీ పొంతనే లేదు. దీన్ని సరైన ప్రశ్నావళి అని ఏ మొహం పెట్టుకుని రాయను?

గుణుపురం_గోపి
మా తమ్ముడికి స్కూల్లో ఇలాంటిదే ఇచ్చారు. మ్యాగీ దగ్గర "అసలు తినను" అని టిక్కు పెట్టాడు. ఆ పెడుతున్నప్పుడే జేబులో మసాలా పొట్లం ఉంది.

లెక్కల_మాస్టారు
గోపీ, నవ్వులు తర్వాత. అమ్మా మహేంద్రతనయా, నీ అనుమానం నూటికి నూరుపాళ్లూ సబబు.

కోరిలేషన్ చెప్పేది ఒక్కటే: ఒకదాంట్లో ఎక్కువ వచ్చినవాళ్లకి రెండోదాంట్లో కూడా ఎక్కువ వస్తోందా అని. ప్రతి పిల్లా తిన్నదానికి సరిగ్గా రెట్టింపు రాసిందనుకో, కోరిలేషన్ 1 వస్తుంది. అంతకంటే గొప్ప కోరిలేషన్ లోకంలో లేదు. కానీ ఆ ఫారంలో ఒక్క అంకె కూడా నిజం కాదు! ఈ సంగతే బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే ఇద్దరు 1986లో వైద్య పత్రిక లాన్సెట్‌లో రాశారు. ఒక్కో పిల్లకి రెండు లెక్కల సగటు అడ్డగీత మీద, రెండింటి తేడా నిలువుగీత మీద పెట్టి చుక్కలు వెయ్యి. తేడాల సగటు ఎంతో చూడు, దానికి అటూ ఇటూ 1.96 స్టాండర్డ్ డీవియేషన్ల (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) దూరంలో గీతలు గియ్యి. ఆ రెండు గీతల మధ్య ఎడం వెయ్యి కేలరీలు ఉంటే ఒక్కో పిల్ల విషయంలో ఆ ఫారం దేనికీ పనికిరానట్టే. చుక్కలు కుడివైపు పోయేకొద్దీ విచ్చుకుపోతున్నాయేమో కూడా చూడు. ఎక్కువ తినేవాళ్ల దగ్గర తప్పు ఎక్కువవుతోందని దానర్థం.

మహేంద్రతనయ_22
చుక్కలు వేశాను మాస్టారూ. విచ్చుకుపోతున్నాయి.

లెక్కల_మాస్టారు
అనుకున్నాను.

పథ్యం_పద్మ
బరంపురంలో డైటీషియన్‌గా చేస్తున్నాను. మాస్టారు చెప్పిన లెక్క సరే. కానీ అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. మీరంతా రీకాల్‌ని సత్యం అనుకుని దానికి ఫారాన్ని పోలుస్తున్నారు. రీకాల్ సత్యమని ఎవరన్నారు?

బాండిని అనే ఆవిడ బృందం 1990లో అమెరికాలో టీనేజి పిల్లల మీద చేసిన పని ఉంది. డబ్లీ లేబుల్డ్ వాటర్ అని, మామూలు హైడ్రోజన్, ఆక్సిజన్ బదులు బరువైన ఐసోటోపులు కలిపిన నీళ్లు తాగిస్తారు. అవి ఒంట్లోంచి ఎంత వేగంగా పోతున్నాయో మూత్రంలో కొలిచి, ఆ పిల్లవాడు రోజుకి ఎంత శక్తి ఖర్చు పెడుతున్నాడో తేలుస్తారు. బరువు నిలకడగా ఉంటే ఖర్చు పెట్టినంతా తిన్నట్టే కదా. అబద్ధం చెప్పడానికి వీల్లేని లెక్క. దాన్ని పిల్లలు రోజూ రాసుకున్న తిండి డైరీలతో పోలిస్తే, ఊబకాయం లేని పిల్లలు ఖర్చులో దాదాపు 80 శాతం మేరకే తిన్నట్టు రాశారు. ఊబకాయం ఉన్నవాళ్లు 59 శాతం! ఎప్పటికప్పుడు రాసుకునే డైరీయే ఇలా ఉంటే, నిన్నటిది గుర్తు తెచ్చుకుని చెప్పే రీకాల్‌ని ఎంతవరకు నమ్ముతాం?

ఇంకో చిక్కు. ఫారంలో మిక్చర్ ప్యాకెట్లు దాచిన పిల్ల రీకాల్‌లోనూ దాస్తుంది. రెండింట్లో ఒకే అబద్ధం కాబట్టి రెండూ చక్కగా కలుస్తాయి. మీకొచ్చిన మంచి కోరిలేషన్‌లో ఇదెంతో ఎవరికి తెలుసు?

రాయగడ_రైలు
అంటే దొంగా, దొంగకి సాక్షీ ఒకడే.

సిరొంచ_పోరడు
మాది గడ్చిరోలి జిల్లా. ఈ టిక్కుల గొడవ అంతా ఎందుకు? రక్తం తీసి హిమోగ్లోబిన్ చూస్తే అయిపోతది కదా. ఐరన్ ఉన్న తిండి తిన్నోళ్లకి ఎక్కువ ఉంటది, తిననోళ్లకి తక్కువ ఉంటది. ఒంట్లో ఉన్నదే చెప్తది.

పథ్యం_పద్మ
తమ్ముడూ, ఈ మాట వేరే ఎవరైనా అంటే సర్దుకునేదాన్ని, గడ్చిరోలి వాళ్లు అనకూడదు. మీ దగ్గరా, మా కొరాపుట్, రాయగడ వైపూ సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్తజబ్బు) ఎంత ఉందో మీకు తెలియదా? మలేరియా ఉంది. నులిపురుగులు ఉన్నాయి. పిల్ల కడుపునిండా తోటకూర, చేప తిన్నా వీటివల్ల హిమోగ్లోబిన్ పడిపోతుంది. అటు వారానికోసారి స్కూల్లో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటే, తిండి అంతంతమాత్రమే అయినా పెరుగుతుంది. హిమోగ్లోబిన్ ఆరోగ్యం గురించి చెబుతుంది, కంచంలో ఏముందో చెప్పదు.

సిరొంచ_పోరడు
సికిల్ సెల్ మా మేనకోడలికే ఉంది అక్కా. మీరన్నది ఒప్పుకుంటున్న. కానీ నా మాట పూర్తిగా కొట్టెయ్యకండి. ఒంట్లోంచి వచ్చేది ఏదో ఒకటి కొలవకుండా ఉత్త మాటలతోని మాటలు పోలిస్తే ఏం తేలుద్ది? మీ బరువు నీళ్లు కూడా అదే కదా.

పథ్యం_పద్మ
అది మాత్రం నిజం. ఆ నీళ్లు విద్యార్థి ప్రాజెక్టుకి అందే ఖరీదు కాదు, మన దేశంలో బెంగళూరు సెయింట్ జాన్స్ లాంటి కొన్ని చోట్లే ఆ పని జరుగుతుంది. చవకగా అయ్యేది 24 గంటల మూత్రం. తిన్న ప్రొటీన్‌లోని నైట్రోజన్‌లో ఐదింట నాలుగు వంతులు, తిన్న ఉప్పులో సోడియం 90 శాతం దాకా అందులోనే బయటికి వస్తాయి. ప్రొటీన్ లెక్కకీ ఉప్పు లెక్కకీ అంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

గుణుపురం_గోపి
తొమ్మిదో తరగతి కుర్రాళ్లు రోజంతా క్యాన్ పట్టుకుని తిరుగుతారా? క్రికెట్ మధ్యలో కూడానా? ఒక్కసారి గోడ దగ్గరికి వెళ్లొస్తే మీ సోడియం గోవిందా.

పథ్యం_పద్మ
అందుకే పాబా అనే మాత్ర మూడు పూటలా ఇస్తారు. అది దాదాపు మొత్తం మూత్రంలోనే పోతుంది. క్యాన్‌లో తక్కువ వస్తే గోడ దగ్గరికి వెళ్లాడని తెలిసిపోతుంది, గోపీ.

గుణుపురం_గోపి
సైన్సుకి దండం.

వార్డెనక్క
ఇదంతా చదివాక నోరు ఊరుకోలేక రాస్తున్నాను. గిరిజన బాలికల హాస్టల్లో పనిచేస్తున్నాను, జిల్లా పేరు చెప్పను. హాస్టల్ పిల్లలు ఉన్నారన్నావు కదమ్మా, మరి ఆ వంటిల్లు ఎందుకు వాడుకోలేదు? మూత్రాలూ ఐసోటోపులూ అక్కర్లేదు. అన్నం వడ్డించే హస్తం ఒకటే, పప్పు గరిటె ఒకటే. ఒక్కసారి వంటగది కాటా మీద పెట్టి, హస్తం నిండా తీస్తే అన్నం ఎన్ని గ్రాములో, గరిటెకి పప్పు ఎంతో చూసుకో. మాకు వంట చేసే ఆవిడ చెయ్యి బరువు, ఆవిడ సెలవు పెడితే వచ్చే ఆవిడ చెయ్యి తేలిక. అందుకని ఇద్దరిదీ తూచాలి. తర్వాత ఒక మూల కూర్చుని, ఎవరు ఎన్నిసార్లు పెట్టించుకున్నారు, ఎంత పారేశారు రాసుకో. మర్నాడు వాళ్లనే "నిన్న ఏం తిన్నారు" అని అడుగు. అప్పుడు నీ రీకాల్ రంగు బయటపడుతుంది.

రిజిస్టరు నమ్మకు. రిజిస్టరులో అందరికీ గుడ్డు పడ్డట్టే ఉంటుంది. నిజం గుడ్డు కథ వేరు. వాసన పడని పిల్ల పక్కపిల్లకి ఇచ్చేస్తుంది. దానికి బదులు ఆ పిల్ల సాయంత్రం ఉగ్గాణీలో తన వాటా ఇస్తుంది. మా దగ్గర గుడ్లకి ఒక రహస్య బజారు నడుస్తుంది, ఎవరికి ఎవరు బాకీనో పిల్లలందరికీ తెలుసు, నాకు తెలియదనుకుంటారు.

ఇంకో మాట. ఫారం నింపేటప్పుడు గదిలో టీచరు ఉన్నారా? ఉంటే ప్రతి పిల్లా రోజూ పాలు తాగుతుంది. మా హాస్టల్లో పాలే రావు.

మహేంద్రతనయ_22
అక్కా, టీచరు ఉన్నారు. స్కూలు వాళ్లు టీచరు లేకుండా ఒప్పుకోలేదు.

లెక్కల_మాస్టారు
ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారా, వెనక బెంచీలోనా?

మహేంద్రతనయ_22
మధ్యమధ్యలో కాగితాల్లోకి తొంగి చూశారు కూడా.

లెక్కల_మాస్టారు
పరీక్ష అయిపోయింది పాపం పిల్లలకి. మంచి మార్కులు రావాలని పళ్లూ పాలూ రాసి ఉంటారు.

చోడంబలి
సాలూరు పైన, కొఠియా వైపు మా ఊళ్లు. మీ ఫారంలో ఏమేం పేర్లు ఉన్నాయో చెప్పు తల్లీ. ఇక్కడికి వచ్చే ఫారాలన్నీ చూశాను. బ్రెడ్డు ఉంటుంది, కార్న్‌ఫ్లేక్స్ ఉంటాయి, యాపిల్ ఉంటుంది. చోడి (రాగి) అంబలి ఉండదు. సామలు, కొర్రలు, వెదురు కొమ్ములు, వానాకాలం పుట్టగొడుగులు, పనస గింజలు, మామిడి టెంక జీడి, ఎండు చేపలు ఏవీ ఉండవు. అడగనిది తిననట్టే కదా మీ లెక్కలో?

ఒకవేళ అంబలి పెట్టినా, "ఒక గిన్నె" అంటే ఏమిటి? ఎండాకాలం పొలానికి పట్టుకెళ్లేది గ్లాసులోంచి కారిపోతుంది, పిండి నామమాత్రం. చలికాలం పొద్దున ఇంట్లో తాగేది గరిటె నిలబడేంత చిక్కన. కొండకిందికి వస్తే చద్దన్నం, ఒడియా వాళ్ల పఖాళ అదే తీరు. గిన్నెడు తిన్నాడని రాస్తే అందులో అన్నం మెతుకులెన్ని, తరవాణి నీళ్లెన్ని? మొత్తం అన్నం కింద లెక్క కట్టేస్తే మా పిల్లలు కాగితం మీద బలిసిపోతారు. అప్పుడు ఎవరో వచ్చి "ఇక్కడ పోషకాహార లోపం లేదు" అంటారు.

అడగాల్సింది గిన్నె గురించి కాదు. కుండలో ఎన్ని గుప్పిళ్ల పిండి పడింది, ఆ కుండ ఎంతమంది తాగారు అని వంట చేసిన అమ్మని అడగాలి.

పథ్యం_పద్మ
చోడంబలి గారూ, మీ పోస్టు ప్రింటు తీసి మా ట్రైనీలకి ఇస్తాను. హైదరాబాదు ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల ఇండియన్ ఫుడ్ కాంపోజిషన్ టేబుల్స్ (2017) లో ఎక్కువ భాగం వండని పదార్థాల లెక్కే. కాబట్టి వండిన గిన్నె నుంచి పచ్చి గ్రాములకి రావాల్సిందే, మీరు చెప్పిన దారే దారి. వాళ్ల సర్వేల్లో కూడా కొలత ఉన్న గిన్నెలు, చెంచాలు పట్టుకెళ్లి, వంట చేసినావిడతో మాట్లాడే రీకాల్ తీస్తారు.

కానీ ఒక్క దగ్గర నేను ఒప్పుకోను. టీనేజి పిల్లల విషయంలో అమ్మని ఒక్కదాన్నే అడిగితే సగం తిండి పోతుంది. ట్యూషన్ దారిలో గుప్‌చుప్, బడి గేటు దగ్గర ఆలూచాప్, ఘుగుని, స్నేహితురాలి పుట్టినరోజు కేకు అమ్మకి ఎక్కడ తెలుస్తాయి?

చోడంబలి
మా ఊళ్లో ఆలూచాప్ బండి లేదమ్మా. సంతకి వెళ్తేనే.

బల్లార్షా_బాబాయ్
సంత అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నీ రీకాల్ రోజుల్లో సంతరోజు పడిందా? మా వైపు వారం సంతలో తినే జిలేబీ, బజ్జీ, వేయించిన చేప ఆ ఒక్కరోజే. అది పడకపోతే ఎవరూ తిననట్టు, పడితే రోజూ తింటున్నట్టు. ఆదివారం కోడి సంగతీ అంతే.

రాయగడ_రైలు
నెల కూడా చూసుకోవాలి. ఫారం "పోయిన నెల" అంటోంది. కార్తీకం అయ్యాక ఇస్తే మాంసం, చేప దగ్గర అందరూ సున్నా. చివరి ఐదు రోజులు పంచకంలో కొంగ కూడా చేప ముట్టదంటారు ఒడియా వాళ్లు. భాద్రపదం ఆదివారాల్లో పెళ్లికాని ఆడపిల్లలు ఖుదురుకుణి ఓషా ఉపవాసం ఉంటారు, మా వీధిలో తెలుగు పిల్లలు కూడా వాళ్లతో కలిసి చేస్తారు. ఆ సోమవారం వెళ్లి "నిన్న ఏం తిన్నావు" అంటే నూకలు అంటుంది. జూన్‌లో రజో పండగ అయితే మూడు రోజులూ పిఠాలే (పిండివంటలు).

మహేంద్రతనయ_22
ఫారం ఇచ్చింది కార్తీకం దాటాక. రీకాల్స్ అందరికీ బడిరోజులే, పెద్దపరీక్షల ముందు. సంత, ఆదివారం రెండూ లేవు.

అయితే నాదో ప్రశ్న. మీరంతా తప్పులే చెబుతున్నారు. ఇన్ని తప్పులుంటే ప్రపంచమంతా ఈ ఫారాలు ఎందుకు వాడుతోంది? 1997లో అమెరికాలో రాకెట్ బృందం 9 నుంచి 18 ఏళ్ల పిల్లల ప్రశ్నావళిని మూడు రీకాల్స్‌తో పోల్చి, పోషకాలకి సగటు కోరిలేషన్ 0.54 వచ్చిందని వేసింది. దాన్ని అందరూ వాడుతున్నారు. నాకు వచ్చింది అంతకు తక్కువేం కాదు. మా గైడ్ అడిగేదీ అదే.

లెక్కల_మాస్టారు
ప్రశ్న బాగుంది. జవాబు: వాళ్లు దాన్ని దేనికి వాడుతున్నారో చూడు. వేలమంది పిల్లల్లో ఎవరు ఎక్కువ తింటారు, ఎవరు తక్కువ తింటారు అని వరసలో పెట్టి, పదేళ్ల తర్వాత ఎవరికి ఏ జబ్బు వచ్చిందో చూడటానికి. వరస చాలు, అసలు గ్రాములు అక్కర్లేదు. నువ్వు "ఈ పిల్లలకి రోజుకి ఇంత ఐరన్ అందుతోంది, ఇంతమందికి లోటు ఉంది" అని రాయాలనుకుంటే ఆ పని ఇది చెయ్యదు. ఒక ఫారం ఒక పనికి సరిపోయి ఇంకో పనికి సరిపోకపోవచ్చు.

వరసే కావాలన్నా ఒక మోసం ఉంది, జాగ్రత్త. పిల్లల్ని నాలుగు సమాన గుంపులు చేసి, "ఫారంలోనూ రీకాల్‌లోనూ అదే గుంపులో గానీ పక్క గుంపులో గానీ 70 శాతం పడ్డారు" అని రాస్తుంటారు. వినడానికి గొప్పగా ఉంటుంది. ఫారం గుంపులు అడ్డంగా, రీకాల్ గుంపులు నిలువుగా పెట్టి పట్టిక గీస్తే నాలుగు నాలుగుల గడులు పదహారు. అదే గుంపు నాలుగు గడులు, పక్క గుంపు ఆరు గడులు, మొత్తం పది. పదహారులో పది అంటే 62.5 శాతం. కళ్లు మూసుకుని చీట్లు తీసినా 62.5 శాతం "కలుస్తారు"! ఆ 70లో ఫారం గొప్పతనం ఎంతో నువ్వే చూసుకో. వెయిటెడ్ కప్పా అనే కొలత వేస్తే ఈ అదృష్టం భాగం తీసేస్తుంది.

గుణుపురం_గోపి
మాస్టారూ, మా కాలేజీ సెమినార్‌లో ఒకాయన సరిగ్గా ఆ 70 చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు.

పథ్యం_పద్మ
ఇంకో లెక్క నువ్వు ఈ రాత్రికే వేసుకోవచ్చు. 45 కిలోల పదిహేనేళ్ల ఆడపిల్ల రోజంతా మంచం మీద పడుకుని ఉన్నా ఒంటికి దాదాపు 1200, 1300 కేలరీలు కావాలి. రీకాల్‌లో 900 చెప్పి, బరువు తగ్గకుండా, బడికి సైకిల్ తొక్కుతుంటే ఆ రీకాల్‌లో ఏదో రాలేదన్నమాట. చెప్పిన కేలరీలని ఆ పడుకున్నప్పటి ఖర్చుతో, అంటే బీఎంఆర్‌తో భాగించి చూడటాన్ని గోల్డ్‌బర్గ్ కటాఫ్ అంటారు, 1991 నాటిది. కానీ ఆ పిల్లల్ని ఊరికే తీసిపారేయకు. ఎవరు తక్కువ చెప్పారో చూడు: లావుగా ఉన్నామని బాధపడేవాళ్లా, ఉపవాసంలో ఉన్నవాళ్లా, నిజంగానే ఇంట్లో తిండి లేనివాళ్లా. మూడోవాళ్లని "అబద్ధం" కింద కొట్టేస్తే మనం వెతుకుతున్న పిల్లలే లెక్కలోంచి పోతారు.

వార్డెనక్క
ఈ మూడోది ఫారం తయారుచేసేవాళ్లందరికీ చెప్పాలి పద్మగారూ.

బల్లార్షా_బాబాయ్
ఆకుకూరల దగ్గర ఎన్ని పేర్లు పెట్టావమ్మాయ్?

మహేంద్రతనయ_22
తోటకూర, బచ్చలి, గోంగూర, మునగాకు, చింతచిగురు, గుమ్మడాకు, చామాకు విడివిడిగా పెట్టాను బాబాయ్. ఇక్కడి తిండి వదలకూడదని.

బల్లార్షా_బాబాయ్
ఉద్దేశం మంచిదే. కానీ పిల్ల ఒక్కోదాని దగ్గర ఆలోచించకుండా "వారానికోసారి" అని టిక్కు కొట్టుకుంటూ పోతే వారంలో ఏడు పూటలు ఆకుకూర తిన్నట్టు అవుతుంది. మా ఇంట్లో ఆకుకూర చేస్తే పిల్లలు పక్కింట్లో తింటారు. విడి పేర్లు ఉంచి, చివర్లో "అన్నీ కలిపి ఆకుకూర వారానికి ఎన్నిసార్లు" అని ఒకటి పెట్టు. దానికి తగ్గట్టు పై వాటిని సర్దుకోవచ్చు.

ఊరికే_చదివేవాడు
ఫోన్‌లో కంచం ఫోటో తీయిస్తే పోలా? ఇప్పుడన్నిటికీ యాప్‌లే.

వార్డెనక్క
మా పిల్లలకి ఫోన్లు ఇవ్వం. ఇచ్చినా ఫోటోలో పప్పు కింద ఉన్న అన్నం కనపడదు, కూరలో నూనె అసలు కనపడదు.

సిరొంచ_పోరడు
ఫోన్ ఇస్తే కంచం తప్ప అన్నీ తీస్తరు.

మహేంద్రతనయ_22
గైడ్‌తో ఇవాళ మాట్లాడాను. "వ్యాలిడ్" అనే మాట తీయడానికి ఒప్పుకోలేదు, కానీ "గుడ్డు, చేప, చిరుతిండి లాంటి కొన్నింటిని వరసలో పెట్టడానికి పనికొస్తుంది, కేలరీలకీ ఐరన్‌కీ పనికిరాదు" అని విడగొట్టి రాయమన్నారు. బ్లాండ్-ఆల్ట్‌మన్ బొమ్మ కూడా వేస్తాను. హాస్టల్ పిల్లల్లో కొంతమందికి వార్డెనక్క చెప్పినట్టు గరిటెలు తూచి, కంచం చూసి, మర్నాడు రీకాల్ తీస్తాను. ఈసారి సంతరోజు, ఆదివారం కలిసేలా, వరుసగా కాకుండా. టీచరుని బయట కూర్చోమని హెచ్చెమ్ గారికి ఉత్తరం పెట్టాను.

లెక్కల_మాస్టారు
"వ్యాలిడ్" అనే మాట మీద నాకింకా అభ్యంతరమే. వైవాలో ఎవరైనా పట్టుకుంటే నీ గైడ్ మాట్లాడరు, నువ్వే మాట్లాడాలి.

పథ్యం_పద్మ
ఉండనీయండి మాస్టారూ, దేనికి వ్యాలిడ్ అని పక్కనే రాస్తోంది కదా. రీకాల్ మాత్రం అంచెలుగా అడుగు. మొదట తనకి గుర్తొచ్చినవన్నీ అడ్డురాకుండా చెప్పనివ్వు. తర్వాత మరచిపోయే రకాలు నువ్వే గుర్తుచెయ్యి: టీ, చాక్లెట్లు, ఉప్పూకారం అద్దుకున్న పచ్చిమామిడి, ఐదు రూపాయల ప్యాకెట్లు. ఆ తర్వాత ఏ టైముకి, ఎక్కడ, ఎవరితో. ఆ తర్వాతే ఎంత అనేది. ఆఖర్న ఇంకోసారి "ఇంకేమైనా?" అని అడుగు. చిరుతిళ్లు ఎక్కువగా ఆ "ఇంకేమైనా" దగ్గరే బయటికొస్తాయి.

చోడంబలి
అంబలి కుండ?

మహేంద్రతనయ_22
పెట్టాను తాతగారూ. పిండి గుప్పిళ్లలో, తాగినవాళ్లు ఎంతమందో పక్కన. వెదురు కొమ్ములు, పనస గింజలు, జీడి కూడా.

వార్డెనక్క
మా హాస్టలుకి రావాలనుంటే రా, కానీ ఒట్టి నా మాట మీద కాదు. తల్లిదండ్రుల సంతకం కావాలి, పిల్ల తనకి ఇష్టమేనని చెప్పాలి, మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ కాగితం కావాలి. గుడ్ల బజారు సంగతి మాత్రం నీ థీసిస్‌లో రాయకు, పిల్లలు నన్ను బతకనివ్వరు.